చెట్టు మొదట్లో గుప్పెడు మట్టి

ఓక్ చెట్టు మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని ముందు మంచు తొలగిస్తాను, చేత్తోనే. పార వేస్తే అడుగునున్న ఆకుల పొర చెదిరిపోతుంది. నాకు కావలసింది ఆ పొరే. అడుగున్నర లోతు మంచు తీశాక, ఆకురాలు కాలంలో రాలిన ఆకులు తడిసి, ఒకదానికొకటి అంటుకుని విస్తరాకుల కట్టలా కనిపిస్తాయి. అంచు పట్టుకుని మెల్లగా లేపితే కింద నల్లమట్టి. ముక్కు పుటాలు గడ్డకట్టే చలిలో కూడా ఆ మట్టికి వాసన ఉంటుంది. గాలి మైనస్ 18 డిగ్రీలున్న ఒక జనవరి ఉదయం ఆ మట్టిలో గుచ్చిన థర్మామీటరు సున్నాకి కాస్త అటూ ఇటూగా చూపించింది. నేను ఈ పనిలో చేరిన మొదటి ఏడాది అది. థర్మామీటరు పాడైందనుకుని కారులోంచి ఇంకోటి తెచ్చి గుచ్చాను. అదీ అదే మాట చెప్పింది.

నేను పురుగుల్ని చంపే బూజుల మీద పనిచేస్తాను. న్యూయార్క్ రాష్ట్రంలో ఫింగర్ లేక్స్ అనే పొడుగాటి సరస్సులున్న సీమ మాది. అడవుల్లోంచీ తోటల్లోంచీ మట్టి తెచ్చి, అందులో ఆ బూజులు బతికున్నాయా, ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు నిద్ర లేస్తాయి అని చూడడం నా ఉద్యోగం. ఇందులో 13 చలికాలాలు గడిచాయి. మా అమ్మ హిందూపురం దగ్గర ఊళ్ళో ఉంటుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఫోనులో ఆమె మొదటి ప్రశ్న ఒకటే. "మంచు పడిందా పాపా?" పడిందమ్మా అంటే, "ఆ మంచులో మట్టి తవ్వే పనేంది? ఎండాకాలంలో తవ్వుకుంటే కాదా?" అంటుంది.

ఎందుకు కాదో చెప్పాలంటే మా ఇంటి సంగతి నుంచే మొదలుపెట్టాలి.

మాది పట్టుపురుగులు పెంచిన ఇల్లు. ఎకరన్నర మల్బరీ తోట, ఇంటి పక్కనే పురుగులిల్లు. పురుగు చర్మం విడిచే ముందు మేత మాని, తల ఎత్తుకుని కదలకుండా ఉండే ఘడియని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటిన పురుగులు ఆకు మేస్తుంటే రాత్రిపూట ఇంట్లో పడుకున్నవాళ్ళకి వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక డిసెంబరులో మా అవ్వ తట్టలోంచి ఒక పురుగుని తీసి వేళ్ళ మధ్య నొక్కి చూసింది. అది నొక్కుకోలేదు. బలపంలా బిరుసుగా ఉంది. మర్నాటికి దాని మీద తెల్లటి పొడి పట్టింది. "సున్నపుకట్టు" అంది అవ్వ. ఆ రోజంతా ఇంకో మాట మాట్లాడలేదు. ఆ పంటలో చంద్రికల మీదికి ఎక్కి గూడు కట్టిన పురుగులు కొన్నే. చచ్చినవాటిని చేటలకెత్తి పెరట్లో దిబ్బ పక్కన గొయ్యి తీసి పోశారు. ఆ దిబ్బలోని ఎరువే తర్వాత తోటకి తోలారు. మరుసటి చలికాలంలోనూ సున్నపుకట్టు వచ్చింది.

ఆ సున్నానికి బొవేరియా బాసియానా అని ఒక పేరుందని నాకు కాలేజీలో తెలిసింది. ఇటలీలో అగోస్టీనో బాసీ అనే ఆయన పట్టుపురుగులకు వచ్చే ఇదే జబ్బుని పాతికేళ్ళకు పైగా పట్టుదలగా పరిశీలించాడు. ఇది గాలి మార్పుతోనో మేత దోషంతోనో దానంతట అది పుట్టేది కాదని, ఒక ప్రాణి వల్ల ఒక పురుగు నుంచి ఇంకో పురుగుకి అంటుకునేదని 1835లో పుస్తకం వేశాడు. పాశ్చర్ కన్నా చాలా ముందే ఒక జంతువు జబ్బుకి సూక్ష్మజీవి కారణమని చూపించిన మనిషి ఆయన. పాశ్చర్ పేరు మా ఊళ్ళో ఆరో తరగతి పిల్లలకీ తెలుసు. బాసీ పేరు పట్టుపురుగులు పెంచేవాళ్ళకి కూడా తెలియదు. నాకిది నేటికీ బాధగానే ఉంటుంది.

మన దగ్గర చలికాలమంటే ఆ బూజుకి పండగ. రాత్రి చల్లదనం, పురుగులింట్లో తేమ, ఇరవై పైచిలుకు డిగ్రీల వేడి, కిక్కిరిసిన తట్టల్లో కావలసినంత తిండి. ఇక్కడ అలా కాదు. నాలుగు నెలలు నేల మంచు కింద ఉంటుంది. పురుగన్నది కంటికి కనబడదు. గుడ్డుగానో గూడు లోపలో బెరడు సందుల్లోనో అది తన చలికాలం తాను గడుపుతుంది. మరి పురుగు మీదే బతికే బూజు ఈ నాలుగు నెలలూ ఎక్కడుంటుంది?

మట్టిలో ఉంటుంది. కానీ అన్ని బూజులూ ఒకే తీరుగా ఉండవు.

బొవేరియా, అలాంటిదే ఇంకో బూజు మెటారైజియం రాల్చే పొడి చాలా సన్ననిది. బొవేరియా బీజం రెండు మూడు మైక్రాన్లకు మించదు. వానకి మట్టిలోకి దిగి, బంకమట్టి రేణువుల్ని పట్టుకుని ఉండిపోతుంది. చుట్టూ ఉన్న వేల రకాల సూక్ష్మజీవులు దాన్ని మొలవనివ్వవు. అదీ మంచికే, ఎందుకంటే తిండి లేనిచోట మొలిస్తే దానికి చావే. ఇవి కాక చచ్చిన పురుగు శరీరమే ఒక గాదె. లోపలి మెత్తదనమంతా బూజు పోగులుగా మారిపోయి, పురుగు వరుగులా ఎండి మట్టిలో పడి ఉంటుంది. మళ్ళీ పదును తగిలిన రోజున ఆ వరుగు మీద కొత్త పొడి పూస్తుంది. మా అవ్వ వాళ్ళు గోతిలో పోసినవి అలాంటి గాదెలే.

నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం రెండో తీరు. నేను ఓక్ చెట్ల కింద వెతికేది ఆ బూజునే. పేరు ఎంటమోఫాగా మైమైగా. జపాన్‌లో ఒక చిమ్మటని మైమైగా అంటారు. ఆ చిమ్మటని తినేది కాబట్టి ఆ పేరు. ఇంగ్లీషులో ఆ చిమ్మటకి ఇప్పుడు స్పాంజీ మాత్ అని పేరు. పాత పేరు రోమా జాతివాళ్ళని కించపరిచేదిగా ఉందని 2022లో మార్చారు, మంచి పని చేశారు. 1860ల చివర్లో మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్ ఊళ్ళో ట్రూవెలో అనే ఫ్రెంచి ఆయన ఈ పురుగుని యూరప్ నుంచి తెప్పించి పెంచాడు. ఆయనకి ఉన్నదీ పట్టు మీద మోజే. ఆయన పెరట్లోంచి తప్పించుకున్న పురుగు ఈశాన్య అమెరికా అడవుల్ని పట్టుకుంది. 1981 ఒక్క ఏడాదే దాదాపు కోటి 30 లక్షల ఎకరాల చెట్ల ఆకు మేసింది. జూన్ నెలలో అడవిలోకి పోతే చెట్లన్నీ మోడులై, తల మీద నేరుగా ఎండ పడుతుంటే ఎలా ఉంటుందో 2021లో నేనూ చూశాను. గొంగళి పురుగుల పెంటికలు కాగితం మీద ఇసుక చల్లినట్టు టపటపా రాలుతుంటే మా పురుగులింటి చప్పుడే గుర్తొచ్చింది.

ఈ పురుగు మీదికి మైమైగా బూజుని 1910, 1911లో జపాన్ నుంచి తెచ్చి బోస్టన్ దగ్గర వదిలారు. పట్టుకోలేదని ఆశ వదులుకున్నారు. 1989 వానల్లో, ఎవరూ పిలవకుండానే, ఏడు రాష్ట్రాల్లో గొంగళి పురుగులు గుంపులు గుంపులుగా చచ్చి చెట్ల బోదెలకు వేలాడాయి. చంపింది ఈ బూజే. తర్వాతి రెండు మూడేళ్ళలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ హాజెక్, ఆమె తోటివాళ్ళు ఇది లేనిచోట్లకి దీన్ని పంచిన పద్ధతి నాకు తలచుకున్నప్పుడల్లా గొప్పగా తోస్తుంది. మందు సీసాలు లేవు, పిచికారీ లేదు. బీజాలున్న మట్టిని తీసుకెళ్ళి కొత్త అడవుల్లో చెట్ల మొదట్లో పోశారు. బూజు పట్టుకుంది.

చచ్చిన గొంగళిని చూస్తేనే ఎవరు చంపారో చెప్పొచ్చు. వైరస్ వల్ల చచ్చింది నడుము దగ్గర బోదెని పట్టుకుని, రెండు వైపులా కిందికి వేలాడుతుంది. బూజు వల్ల చచ్చింది తల కిందికి పెట్టి, నిటారుగా, పొట్ట కాళ్ళు రెండు పక్కలకీ చాచి బోదెకి అంటుకుని ఉంటుంది. మే నెలలో చచ్చే చిన్న పురుగు ఒంట్లోంచి రాత్రిపూట బీజాలు చిమ్ముకుంటూ బయటికొస్తాయి. అవి ఆ వారంలోనే ఇంకో పురుగుని పట్టాలి, లేకపోతే పోతాయి. జూన్ చివర చచ్చే పెద్ద పురుగులో బూజు వేరే పని చేస్తుంది. అలాంటి పురుగుని కోసి, లోపలి చుక్కని గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూడండి: ఉడికిన సగ్గుబియ్యం. గుండ్రంగా, నిగనిగలాడుతూ, సుమారు 30 మైక్రాన్ల గింజలు, ఒక్కోదానికి మందమైన రెండు పొరల గోడ, లోపల ఒక నూనె బొట్టు. ఎన్నేళ్ళుగా చూస్తున్నా, మొదటిసారి ఫోకస్ కుదిరే ఆ క్షణం నాకు పాతబడలేదు. చలికాలానికి కట్టుకున్న సద్దిమూటలు అవి. పురుగు ఎండి చెట్టు మొదట్లో రాలితే ఆ గింజలన్నీ అక్కడి మట్టిలో కలుస్తాయి.

ఇదంతా పుస్తకంలో చదివే వచ్చినా, మొదటి చలికాలం నేను తప్పు చోట తవ్వాను. చలికి దూరంగా దాక్కోవాలంటే లోతుకే పోవాలి కదా అనుకున్నాను. బోదెకి మూడు నాలుగు అడుగుల దూరంలో, జానెడు లోతు నుంచి 40 సంచుల మట్టి తీసుకొచ్చాను. నీళ్ళలో కలిపి జల్లెడలు పట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గళ్ళ పలక మీద వేసి లెక్కపెడుతూ రెండు నెలలు కూర్చున్నాను. గింజలు దొరికినవి వేళ్ళ మీద లెక్కించేటన్నే. చలికి చచ్చాయని నివేదిక రాయబోతుంటే మా ల్యాబు పెద్దాయన కాగితాలు చూసి ఒక్కటే అడిగారు: "పురుగు ఎక్కడ చచ్చింది?" బోదె మీద. "రాలేది?" మొదట్లో. అంతే, ఆయన లేచి వెళ్ళిపోయారు. మర్నాడు బోదెకి ఆనుకుని, ఆకుల కింద రెండు వేళ్ళ మందం మట్టి తీశాను. పలక మీద ఒక్కో గడిలో గింజలు కనిపించాయి. చలికి భయపడి లోతుకి పోయింది నేను. బూజు పైపొరలోనే, మంచుకి ఆనుకునే ఉంది. మంచు అక్కడ చలిని ఆపుతోంది. అడుగు మందం మంచు పైన గాలి ఎంత కోసినా కింద నేల సున్నా దగ్గర నిలకడగా ఉంటుంది.

ఆ గింజలు చలిని ఓర్చుకోవడమే కాదు, వాటికది కావాలి. జూన్‌లో పుట్టిన గింజకి ఆ వేసవిలో ఎంత తడి ఇచ్చినా, పక్కనే గొంగళి పురుగుని పెట్టినా లేవదు. ఒక చలికాలం మీద నుంచి పోవాలి. తడి మట్టిలో నెలల తరబడి చలి పట్టి, వసంతం వానకి నానితే అప్పుడు గోడ పగిలి మొలక వస్తుంది. మొలక చివర ఒక బీజం పుట్టి, గాలిలోకి చిమ్ముకుంటుంది. ఓక్ చెట్ల మీద చిమ్మట గుడ్లు పగిలే రోజులకి వారం, రెండు వారాల ముందే ఇది మొదలవుతుంది. క్యాలెండరు లేని ఒక గింజ, ఇంకా పుట్టని పురుగు కోసం సమయానికి లేచి కూర్చుంటుంది. అన్నీ లేవవు కూడా. కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు, కొన్ని పదేళ్ళకి. మన చేలల్లో కలుపు విత్తనాలూ అంతే. తొలి పదునుకే అన్నీ మొలిస్తే రైతు ఒక్కసారి గుంటక తోలి నిశ్చింతగా ఉండేవాడు. పురుగు లేని ఏడాది వస్తే లేచిన గింజలన్నీ వృథా అవుతాయి. నిద్రలో మిగిలినవే వంశం నిలబెడతాయి.

బొవేరియా, మెటారైజియంలను ఇలా లెక్కపెట్టలేం, మరీ చిన్నవి. వాటికి ఎర వేస్తాం. తేనెపట్టుల్లో పడి మైనం తినే పురుగులు ఈ పనికి బాగా పనికొస్తాయి. ఊరికే వేస్తే మట్టిలో గూడు అల్లుకుని కూర్చుంటాయి కాబట్టి, 56 డిగ్రీల నీళ్ళలో పది సెకన్లు ముంచి తీస్తాను. తర్వాత ఇక అల్లవు. మట్టి డబ్బాలో వేసి, చీకట్లో పెట్టి, రోజూ డబ్బాని తిరగేస్తాను. పురుగు మళ్ళీ పైకి రావడానికి మట్టంతా పాకుతుంది, ఎక్కడ బీజం ఉన్నా తగులుతుంది. వారం పది రోజుల్లో చచ్చినవాటిని కడిగి తడి కాగితం మీద పెడితే, తెల్లగా పూసింది బొవేరియా, ముందు తెల్లగా వచ్చి తర్వాత పచ్చబడింది మెటారైజియం. కొన్ని ఇటుక రంగుకి తిరిగి మెత్తగా ఉంటాయి. అది బూజు కాదు, పురుగుల్లో చేరే నులిపురుగుల పని. మొదట్లో ఆ ఎర్రవాటినీ బూజు లెక్కలోనే వేసుకుని ఒక వారం లెక్కంతా తిరగరాయాల్సి వచ్చింది.

మా అమ్మ ప్రశ్నకి నాకు జవాబు దొరికింది మాత్రం వేరేచోట. 1981లో లింగ్, డొనాల్డ్‌సన్ అనే ఇద్దరు ప్రచురించిన లెక్క ఒకటుంది. బొవేరియా బీజాలు సగానికి తగ్గడానికి, తడి ఎక్కువున్న 25 డిగ్రీల మట్టిలో 14 రోజులు పట్టింది. తడి తక్కువున్న 10 డిగ్రీల మట్టిలో 276 రోజులు. మైనస్ 15లో పెట్టినవి దాదాపు తగ్గనే లేదు. వెచ్చటి మట్టిలో బీజం తన దగ్గరున్న నిల్వని తానే తినేస్తుంది, దాన్ని తినే జీవులూ చురుగ్గా ఉంటాయి. చలిలో అందరూ చేతులు ముడుచుకుంటారు. మా దగ్గరి ఇథాకా ఊళ్ళో అమెరికా వ్యవసాయ శాఖ పెట్టిన పురుగుబూజుల భాండారం ఉంది, ప్రపంచంలోనే పెద్దది. వేల రకాల్ని అక్కడ మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచారు. దాచాలనుకున్నప్పుడు మనుషులం చేసేదీ చలికాలాన్ని తయారుచేయడమే.

ఎండాకాలం మట్టిలో నాకు కనిపించేది చాలావరకు నష్టం. జనవరి మట్టిలో కనిపించేది నిల్వ. అందుకే జనవరిలో తవ్వుతానమ్మా అని చెప్పాను. అమ్మ కాసేపు ఆగి, "అయితే మనకి రోహిణి కార్తె ఎట్లనో, దానికీ అట్లనే" అంది. నేను ఏళ్ళు పట్టి నేర్చుకున్నది ఆ ఒక్క మాటలో ఉంది. రాయలసీమలో ఆ బూజుకి గండం చలికాలం కాదు. రోళ్ళు పగిలే రోహిణి. దుక్కి దున్ని వదిలిన చేను పైపొర మే నెలలో 50 డిగ్రీలు దాటుతుంది. నేరుగా ఎండ తగిలితే బీజం కొన్ని గంటల్లోనే చస్తుంది. ఎర్ర గొంగళి పురుగు ప్యూపాలు ఎండకి చావాలని వేసవి దుక్కి దున్నుతాం, దానివల్ల లాభం ఉంది. కానీ అదే చేలో ఖర్చుపెట్టి చల్లిన బూజు మందూ అదే ఎండకి పోతుంది. బొవేరియా, మెటారైజియం పొడిని సాయంత్రం పూట, బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి ఉన్న నేలలో వేయమని చెప్పేది ఊరికే కాదు. ప్యాకెట్టుని పంపుసెట్టు గదిలో రేకుల కింద పెట్టినవాళ్ళు చల్లేది చాలాసార్లు చచ్చిన పొడే.

చోటుని బట్టి ఈ బూజులు వేరువేరుగా తయారవుతాయి కూడా. మాకు ఎగువన కెనడాలోని ఒంటారియోలో మైకేల్ బిడోచ్కా, ఆయన తోటివాళ్ళు 2001లో చూపించింది ఇదే. అడవి మట్టిలో దొరికిన మెటారైజియం 8 డిగ్రీల చలిలో కూడా పెరుగుతుంది. పొలాల మట్టిలోది 37 డిగ్రీల వేడినీ ఎండనీ తట్టుకుంటుంది. అది చదివినప్పటినుంచీ మా రాయలసీమ మట్టిలో ఎలాంటివి ఉన్నాయో చూడాలని నాకు కోరిక.

ఇక్కడ ఇప్పుడు నన్ను కలవరపెట్టేది మంచు సరిగా పడని చలికాలాలు. నేల బట్టలేకుండా ఉంటుంది. పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం. మా ల్యాబులో ఒకే సీసాని పదిసార్లు కరిగించి గడ్డకట్టిస్తే బూజు దెబ్బతింటుంది, అందుకే చిన్న సీసాల్లో పంచి పెడతాం. మట్టికి ఆ వీలు లేదు. గింజ చలికాలం గట్టెక్కినా వసంతంలో వాన పడాలి. వరసగా వానలు తప్పిన ఏళ్ళలో న్యూ ఇంగ్లండ్‌లో చిమ్మట విజృంభించింది. 2017 వసంతంలో వానలు పడగానే, ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న గింజలు లేచాయి. ఆ జూన్‌లో బోదెల నిండా తలకిందుల శవాలే.

రెండేళ్ళ కిందట జూన్‌లో ఊరికి పోయాను. మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాయి. మా మల్బరీ తోట పీకేసి చాలా ఏళ్ళయింది. పెరటి దిబ్బ ఉండిన చోట వేపచెట్టు పెరిగింది. ఆ చెట్టు నీడన కొంత మట్టి, ఎండకి మాడే చేను నడుమ కొంత మట్టి తీసి రెండు డబ్బాల్లో పోశాను. తెలిసినాయన తేనెపెట్టెలో పాడైన పట్టు ఇస్తే, అందులోంచి మైనపు పురుగులు ఏరి చెరి పది వేశాను. వంటింట్లో నీళ్ళ కుండ పక్కన చల్లగా ఉంటుందని అక్కడ పెట్టాను. అమ్మ రోజూ పొద్దున కాఫీ కలిపే ముందు తానే రెండు డబ్బాల్నీ తిరగేసేది.

చేను మట్టి డబ్బాలో పురుగులు పాకుతూనే ఉన్నాయి. తొమ్మిదో రోజు పొద్దున నేను లేచేసరికి అమ్మ గడప దగ్గర వెలుతుర్లో కూర్చుని ఉంది. వేపచెట్టు కింది డబ్బా మూత తెరిచి ఉంది. ఒక పురుగుని చాటలో వేసుకుని, వేళ్ళ మధ్య నొక్కి చూస్తోంది. అది నొక్కుకోలేదు. మెడ దగ్గర, కాళ్ళ సందుల్లో తెల్లగా పూస్తోంది. నేను సంచిలోంచి భూతద్దం తీస్తున్నాను.

"అద్దం ఎందుకు? సున్నపుకట్టే ఇది" అంది అమ్మ. మళ్ళీ తనే, "పక్కింట్లో వాళ్ళు నిన్ననే పురుగులు దింపుకున్నారు. మూడో జ్వరానికి కూడా రాలేదింకా" అని లేచింది.

డబ్బా, మట్టి, నేను అప్పుడు వేసుకున్న చేతి తొడుగులు, అన్నీ పొయ్యిలో వేసి కాల్చాం. అమ్మ పొయ్యి దగ్గరే నిలబడి, బూడిద చల్లారేదాకా కదల్లేదు.